గీతకు జాతకం

శ్రీశైలం 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, 79కి కాస్త తక్కువ తూర్పు రేఖాంశం మీద ఉంది. ఈ రెండు అంకెలనూ కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు గడులు తారుమారయ్యాయనుకోండి, మల్లన్న గుడి తిన్నగా పోయి ఉత్తర ధ్రువానికి దగ్గర్లో స్వాల్‌బార్డ్ దీవుల మంచులో తేలుతుంది. గడులు సరిగ్గానే ఉండి, యూటీఎం జోను 44కు బదులు 43 అని పడితే నల్లమల మొత్తం ఆరు డిగ్రీలు పడమరకు జరిగి, కొంకణ తీరానికి ఎదురుగా అరేబియా సముద్రంలో మునుగుతుంది. 16 డిగ్రీల 30 నిమిషాలను 16.30 అని రాసేస్తే 22 కిలోమీటర్ల తేడా. అడవుల పటాల పని చేసినవాళ్ళలో ఈ మూడింటిలో ఒక్కటైనా చేయనివాళ్ళు నాకు తగల్లేదు. నేనూ చేశాను.

ఇవి మంచి తప్పులు. సముద్రంలో పులి అడుగు జాడ కనిపిస్తే ఎవరైనా నవ్వుకుని దిద్దుకుంటారు. చెడ్డ తప్పులు నోరెత్తవు. పాత టోపోషీట్లు ఎవరెస్టు గోళాభం ఆధారంగా గీసినవి. ఇప్పటి జీపీఎస్ పరికరం డబ్ల్యూజీఎస్-84 లెక్కలో చూపిస్తుంది. మార్పిడి చేయకుండా ఒకదాని మీద ఒకటి పరిస్తే మన ప్రాంతంలో నూరు మీటర్లకు పైగా ఎడం వస్తుంది. వాగు వాగులాగే వంపులు తిరుగుతుంది, హద్దు హద్దులాగే కనిపిస్తుంది. కాకపోతే వాగుకు ఇవతల ఉండవలసిన హద్దు అవతల ఉంటుంది. వెబ్ పటాలు వాడే మెర్కేటర్ ప్రక్షేపంలోనే విస్తీర్ణం లెక్కించినా ఇంతే. హైదరాబాదు అక్షాంశంలో పదెకరాల చెక్క దాదాపు పదకొండెకరాలుగా తేలుతుంది. ఎవరూ వేలెత్తి చూపరు, ఎందుకంటే అంకె నమ్మదగినట్టే ఉంటుంది.

అటవీ, సహజ వనరుల ప్రాజెక్టుల్లో పటాల గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా ఉపగ్రహాల గొప్పతనం గురించీ, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్న దాని గురించీ మాట్లాడుకుంటాం. ఆ రెండూ ఇప్పుడు చవకే, కొన్ని ఉచితం కూడా. కరువంతా మరోచోట ఉంది. మన దగ్గరున్న ప్రతి గీతా ఎప్పుడు పుట్టింది, ఎవరు గీశారు, దేనితో కొలిచారు, ఏ కాగితం ఆధారం అన్న సంగతి గీతతో పాటు ఉండటం లేదు. పెళ్ళి సంబంధానికి జాతకం అడిగే మనం, వేల కుటుంబాల భూమిని తేల్చే గీతకు మాత్రం జాతకం అడగం. ఈ వ్యాసంలో పాత సర్వేల దగ్గర్నుంచి ఇప్పటి ఫోన్ల దాకా చూసుకుంటూ వస్తే, ఎక్కడ చిక్కు పడ్డా ముడి ఇక్కడే కనబడుతుంది.

తెలుగు నేల మీద శాస్త్రీయమైన పటాల కథ 78వ రేఖాంశాన్ని పట్టుకుని నడిచింది. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధార రేఖ కొలిచిన విలియం లాంబ్టన్, తర్వాత దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపించిన మహా చాపం ఇంచుమించు ఈ రేఖాంశం వెంబడే రాయలసీమ, తెలంగాణల గుండా సాగింది. ఆయనకు సహాయకుడిగా 1818లో హైదరాబాదు వచ్చిన జార్జి ఎవరెస్టు, కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో సర్వే చేస్తూ జ్వరాన పడి, కోలుకోవడానికి కేప్ ఆఫ్ గుడ్ హోప్ దాకా పోవలసి వచ్చింది. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరానికి పేరిచ్చిన మనిషిని మంచాన పడేసింది మన అడవి దోమలే. ఆయన లెక్కగట్టిన భూగోళం ఆకారం మీదే మన పాత టోపోషీట్లన్నీ నిలబడ్డాయి.

అదే 78వ రేఖాంశం ఇవాళ యూటీఎం 43, 44 జోన్ల మధ్య సరిహద్దు కావడం ఒక విచిత్రం. అనంతపురం 43లో పడుతుంది. మహబూబ్‌నగర్, కర్నూలు సరిగ్గా గీతకు ఆనుకుని ఉంటాయి. హైదరాబాదు, నల్లమల, గోదావరి లోయ 44లోకి వస్తాయి. 84 దాటిన పలాస, సోంపేట, ఇచ్ఛాపురం 45లోకి పోతాయి. ఒక్క ఆంధ్రప్రదేశ్‌కే మూడు జోన్లు. ఏ జిల్లాకు ఆ జిల్లా తన జోనులో పటాలు చేసి పంపితే, రాష్ట్ర కార్యాలయంలో అతుకులు వేసేవాడికి ఒకరోజు పని నెలరోజుల పనవుతుంది. రాష్ట్రం మొత్తానికీ ఒకే ప్రక్షేపం మొదటి రోజే నిర్ణయించుకుంటే తీరిపోయే సమస్య ఇది. మొదటి రోజు ఎవరికీ గుర్తుండదు.

ఇక అడవి హద్దుల సంగతి. ఇక్కడ కాసేపు ఆగాలి. కోస్తా, రాయలసీమ అడవుల్లో చాలా బ్లాకులు 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కింద రిజర్వు అయ్యాయి. తెలంగాణవి నిజాం కాలంలోనివి. 1355 ఫసలీ హైదరాబాదు అటవీ చట్టం దాకా పోవాలి. తర్వాతివి 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కిందివి. ఈ చట్టంలో 4వ సెక్షను కింద ప్రభుత్వం తన ఉద్దేశాన్ని ప్రకటిస్తుంది, అభ్యంతరాలు విని పరిష్కరించాక 15వ సెక్షను కింద ఖరారు చేస్తుంది. నాలుగుకూ పదిహేనుకూ మధ్య ఏళ్ళ తరబడి వేలాడిన బ్లాకులున్నాయి. పటంలో మాత్రం రెండింటికీ అదే ఆకుపచ్చ. అది ప్రకటించిన అడవో, ప్రకటించబోతున్న అడవో చెప్పే ఒక్క గడి కూడా చాలా ఫైళ్ళలో ఉండదు.

పైగా ఆ ప్రకటనల్లో హద్దు మొదట మాటల్లో పుట్టింది. ఫలానా వాగు వెంట పోయి, ఫలానా గుట్ట కొమ్ము మీదుగా, ఫలానా సర్వే నంబరు ఈశాన్య మూల దాకా అని షెడ్యూలులో రాశారు. పటం ఆ మాటలకు బొమ్మ మాత్రమే. వాగు దారి మారుతుంది. గుట్టకు ఇవతలి ఊరివాళ్ళ పేరొకటి, అవతలి ఊరివాళ్ళ పేరొకటి. హద్దు వెంట పేర్చిన రాళ్ళ కుప్పలను, అదే కెయిర్న్లను, మోసుకుపోయి గోడ కట్టుకున్నవాళ్ళూ ఉన్నారు, అడవిలోకి జరిపి పేర్చుకున్నవాళ్ళూ ఉన్నారు. మైలుకు నాలుగంగుళాల పటం మీద ఒక మిల్లీమీటరు మందాన గీసిన పెన్సిల్ గీత నేల మీద 16 మీటర్లు. టోపోషీటు మీదైతే అదే గీత 50 మీటర్లు. ఆ గీతను స్కాన్ చేసి, మౌస్‌తో నడిమధ్యన మళ్ళీ గీసి, దశాంశ బిందువు తర్వాత ఆరు అంకెలతో చూపిస్తే అది కచ్చితమైన హద్దు అయిపోదు. అంకెల పొడవు చూసి కచ్చితం అనుకోవడం ఈ రంగంలో మనకు పట్టుకున్న పెద్ద జబ్బు.

రెవెన్యూ వైపు చూస్తే ఇంకో సంసారం. తెలంగాణలో టిప్పన్లు, సేత్వార్లు, ఎకరానికి 40 గుంటలు. ఆంధ్రలో ఎఫ్ఎంబీలు, అడంగళ్ళు, ఎకరానికి 100 సెంట్లు. అటవీ శాఖది హెక్టార్ల లెక్క. రెవెన్యూ వాళ్ళ గ్రామ నక్షా ఊరి లోపలి నుంచి కొలుచుకుంటూ బయటికి వచ్చింది. అటవీ పటం బ్లాకు చుట్టూ నడుచుకుంటూ వచ్చింది. రెండూ కలవవలసిన చోట ఒక్కోసారి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, ఒక్కోసారి మధ్యలో ఎవరికీ చెందని సందు మిగులుతుంది. రెండు శాఖలూ కూర్చుని చేసే జాయింట్ సర్వేలకు ఏళ్ళు పట్టేది ఇందుకే. ఈ సందులో నలిగేది పట్టా పాసుపుస్తకం చేతిలో ఉండి కూడా దుక్కి దున్నలేని రైతు.

ఈ గీతల కింద రక్తం కూడా ఉంది. ఆదిలాబాద్ గోండుల పొలాలు, ఒకటి రెండేళ్ళు బీడు వదిలినవి, అడవి లెక్కలో కలిసిపోయాయి. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీము ప్రాణం పోయింది ఆ నేల కోసమే. ఆ తర్వాత అక్కడ పనిచేసిన మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్ నివేదికల నిండా ఈ అటవీ లైన్ల గొడవే. అందుచేత హద్దు పొరను కంప్యూటర్లో తెరిచే కుర్రవాడు దాన్ని ఉత్త జ్యామితి అనుకోకూడదు.

ఇప్పుడు ఆకాశం నుంచి చూసిన అడవి గురించి. 1972లో ల్యాండ్‌శాట్ ఎగిరింది. 1988 మార్చి 17న మన ఐఆర్ఎస్-1ఏ. షాద్‌నగర్‌లో సంకేతాలు అందుకునే కేంద్రం, బాలానగర్‌లో జాతీయ దూర సంవేదన సంస్థ ఉండటంతో హైదరాబాదు ఈ విద్యకు దేశంలోనే కేంద్రమైంది. 1981లో డెహ్రాడూన్‌లో భారత అటవీ సర్వే సంస్థ ఏర్పడింది. అప్పుడొక ముచ్చట జరిగింది, ఈ రంగంలోకి వచ్చే ప్రతి విద్యార్థికీ మొదటి పాఠంగా చెప్పాల్సింది. 1980ల తొలి ఏళ్ళ చిత్రాలను చూసి దూర సంవేదన సంస్థ దేశంలో అడవి సుమారు 4.6 కోట్ల హెక్టార్లే అని తేల్చింది. ఇంచుమించు అదే కాలపు చిత్రాలతో అటవీ సర్వే సంస్థ 6.4 కోట్ల హెక్టార్లంది. దేశం ఒకటే, దశాబ్దం ఒకటే, తేడా మాత్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు మూడింట రెండు వంతులంత నేల. తర్వాత రెండు సంస్థలూ కూర్చుని లెక్కలు సరిపెట్టుకున్నాయి. వాదం అంతా ఎంత పలచని చెట్లను అడవి అనాలన్న దగ్గరే. కెమెరా ఎవరినీ మోసం చేయలేదు. నిర్వచనం చేసింది.

ఆ నిర్వచనం ఇవాళ ఇలా ఉంది. ఒక హెక్టారుకు మించిన నేల మీద చెట్ల కొమ్మల కప్పు పదోవంతు దాటితే అది అటవీ విస్తృతి. యాజమాన్యం ఎవరిదన్నది చూడరు, చట్టం ఏమంటుందన్నది చూడరు, చెట్టు ఏ జాతిదన్నదీ చూడరు. మామిడి తోట, కొబ్బరి తోట, జామాయిలు, సుబాబుల్ అన్నీ లెక్కలోకి వస్తాయి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం విన్నాం గానీ, తోట పేరు దాచి అడవి లెక్క చెప్పడం ఇక్కడే చూస్తాం. 2021 నివేదికలో దేశపు అటవీ విస్తృతి 7,13,789 చదరపు కిలోమీటర్లు. అందులో రికార్డుల్లో అడవిగా నమోదైన నేల లోపల ఉన్నది 5,16,630 మాత్రమే. మిగిలిన 1,97,159 బయటిది. అదే నివేదికలో అడవి పెరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ 647 చదరపు కిలోమీటర్లతో మొదటి స్థానంలో, తెలంగాణ 632తో రెండో స్థానంలో నిలిచాయి. పత్రికల్లో పతాక శీర్షికలొచ్చాయి. ఆ పెరుగుదలలో నల్లమల ఎంత, జీడి తోట ఎంత అని అడిగేవాడికి పొర విడిగా కావాలి, ఆ పొర అందరికీ దొరకదు.

పోల్చడం ఇంకా కష్టం. 1987 నాటి మొదటి నివేదికలో పటం మీద చూపగలిగిన కనీస చెక్క 400 హెక్టార్లు, అంటే దాదాపు వెయ్యెకరాలు. తర్వాత అది 25 హెక్టార్లకు దిగింది. 2001 నుంచి ఒక హెక్టారు. జల్లెడ కన్నం మారిన తర్వాత పిండి ఎక్కువొచ్చిందో తక్కువొచ్చిందో చెప్పడానికి జల్లెడ కొలత పక్కన రాసి ఉండాలి. బ్రెజిల్ అంతరిక్ష సంస్థ అమెజాన్ కోసం 1988 నుంచి నడుపుతున్న ప్రోడెస్ ఇక్కడ గుర్తుకొస్తుంది. వాళ్ళు లెక్కించేది అడవిని పూర్తిగా కొట్టేసిన చోటు ఒక్కటే, 6.25 హెక్టార్లకు తక్కువైతే వార్షిక అంకెలో చేర్చరు. చిన్న చెక్కలు తప్పిపోతాయి, నిజమే. కానీ కొలబద్ద మార్చలేదు కాబట్టి ఏ ఏడాదినైనా ఏ ఏడాదితోనైనా పోల్చవచ్చు, పటాలు ఎవరైనా దించుకుని తప్పు పట్టవచ్చు. నన్నడిగితే కొత్త పదును కన్నా పాత నిలకడే ఎక్కువ విలువైనది.

నిర్వచనం కోర్టుకూ ఎక్కింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు అడవి అంటే నిఘంటువు చెప్పే అడవి అంది. రికార్డులో ఏమున్నా అడవిలా ఉంటే అడవే. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వివాదం అదే కోర్టు గుమ్మం ఎక్కినప్పుడు, తెలుగువాళ్ళందరూ ఫోన్లలో పాత ఉపగ్రహ చిత్రాలు తిప్పుకుంటూ చూశారు. కంచ అన్న మాట పశువులు మేసే బీడును చెబుతుంది, చిత్రం చెట్లను చూపిస్తుంది, దస్త్రం మరొకటి చెబుతుంది. ముగ్గురు సాక్షులు మూడు మాటలు.

సాక్ష్యం మాట వచ్చింది కనుక పోడు దగ్గరికి రావాలి. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13ను గడువు తేదీగా పెట్టింది. ఆనాటికి సాగులో ఉన్న గిరిజనుడికి నాలుగు హెక్టార్ల దాకా హక్కు. ఆ తేదీ చూసి చాలామంది సంబరపడ్డారు, ఆనాటి ఉపగ్రహ చిత్రం తీస్తే తేలిపోతుందని. లెక్క వేసి చూద్దాం. అప్పట్లో విరివిగా దొరికిన లిస్-3 చిత్రంలో ఒక్కో చుక్క 23.5 మీటర్ల చదరం. ఎకరం పోడుకు ఏడే ఏడు చుక్కలు వస్తాయి. వాటిలో సగానికి పైగా అంచున పడి సగం చెట్టు, సగం చేను అవుతాయి. 5.8 మీటర్ల లిస్-4లోనైతే ఎకరానికి నూట ఇరవై చుక్కలు, కొంత నయం, కానీ అది ప్రతిచోటా ప్రతి నెలా తీసింది కాదు. ఇప్పుడు అందరూ వాడే 10 మీటర్ల సెంటినెల్-2 ఎగిరిందే 2015లో.

చుక్కల సంగతి అలా ఉంచినా అసలు చిక్కు సాగు పద్ధతిలో ఉంది. పోడు అంటేనే కొన్నేళ్ళు కొట్టి పండించి, కొన్నేళ్ళు వదిలేయడం. వదిలేసిన ఏడు తీసిన చిత్రంలో అది పొద. అదే కుటుంబం ముందు మూడేళ్ళు అక్కడ సామలు, కొర్రలు పండించిన సంగతి ఊళ్ళో ముసలివాళ్ళకు తెలుసు, ఆకాశానికి తెలియదు. ఈ సంగతి గ్రహించే 2012లో సవరించిన నిబంధనల్లో ఉపగ్రహ చిత్రం మిగిలిన సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటి స్థానంలోకి రాదు అని రాశారు. గుజరాత్‌లో గ్రామ సభలు తామే జీపీఎస్ పట్టుకుని పొలాలు చుట్టి, పాత చిత్రాల మీద పరిచి, తిరస్కరించిన దరఖాస్తులను మళ్ళీ తెరిపించాయి. అంటే చిత్రం పేదవాడి పక్షాన కూడా మాట్లాడగలదు, ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న. తెలంగాణలో 2023 జూన్‌లో సుమారు నాలుగు లక్షల ఎకరాలకు, లక్షన్నర మందికి పోడు పట్టాలు ఇచ్చారు. ఆ పట్టాల వెనక నడిచి కొలిచిన పాలిగాన్లున్నాయి. పదేళ్ళ తర్వాత ఒక అన్నదమ్ముల తగాదాలో ఆ పాలిగాన్ తెరిస్తే, దాన్ని ఏ పరికరంతో, ఏ నెలలో, చెట్ల నీడలో ఎంత తప్పుతో కొలిచారో అందులో ఉంటుందా? దట్టమైన కొమ్మల కింద చేతిలో పట్టుకునే జీపీఎస్ పదేసి మీటర్లు అటూ ఇటూ ఊగుతుంది. నాలుగెకరాల చెక్కకు ఆ ఊపు చిన్నదేం కాదు.

ఇక ఫైళ్ళ సర్దుబాటు. పైకి చాలా చప్పటి విషయం, కానీ ప్రాజెక్టులు బోల్తా పడేది ఇక్కడే.

మన కార్యాలయాల్లో ఇప్పటికీ రాజ్యమేలుతున్నది షేప్‌ఫైలు. 1990లలో పుట్టిన ఈ రూపం నిజానికి ఒక ఫైలు కాదు, ఒకే పేరుతో మూడు నాలుగు తోబుట్టువులు. ఒకదాన్ని మెయిలులో పంపి మిగతావాటిని మరిచిపోతే అవతలివాడికి ఏమీ తెరుచుకోదు. ప్రక్షేపం చెప్పే తోబుట్టువు ఒక్కటి తప్పిపోతే ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది తెరుచుకుంటుంది. అంకెలు దేనివో మాత్రం చెప్పదు. గడి పేరుకు ఇందులో పది బైట్లే చోటు. యూనికోడ్‌లో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు తింటుంది. ఒక్క ‘శ్రీ’ రాయడానికే నాలుగు సంకేతాలు, పన్నెండు బైట్లు. అంటే శ్రీకారం కూడా పట్టని పెట్టెలో మన అడవిని పెడుతున్నాం. గడి పేర్లే ఇంగ్లీషులో పెట్టాక మన ఊళ్ళ పేర్లూ ఇంగ్లీషు స్పెల్లింగుల్లోకి పోతాయి. మన్ననూరు చివర ఒకరు ‘యూ’ వేస్తారు, ఒకరు రెండు ‘ఓ’లు వేస్తారు. కంప్యూటరుకు అవి రెండు ఊళ్ళు. 2014లో వచ్చిన జియోప్యాకేజీ అన్నిటినీ ఒకే ఫైల్లో ఉంచుతుంది, తెలుగును నిండుగా మోస్తుంది, డబ్బు అడగదు. పదిమంది ఒకేసారి పనిచేయాలంటే 2001 నుంచి ఉన్న పోస్ట్‌జీఐఎస్ ఉంది. బొమ్మ గీయడానికి క్యూజీఐఎస్ ఉంది. సాధనం లేదని సాకు చెప్పే రోజులు పోయాయి.

పేర్ల కన్నా పెద్ద తలనొప్పి పాలనా విభాగాలు మారడం. తెలంగాణ జిల్లాలు 2016 అక్టోబరు 11న పది నుంచి 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో 33. ఆంధ్రప్రదేశ్ 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. చింతూరునే తీసుకోండి. 2014కు ముందు ఖమ్మం, పోలవరం ముంపు మండలాల బదిలీతో తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. అక్కడ 2010లో నాటిన టేకు ప్లాంటేషన్ ఎక్కడికీ కదల్లేదు. దాని జిల్లా గడి రెండు సార్లు మారింది, లేదా మారవలసి ఉండి మారలేదు. నల్లమల పులుల అభయారణ్యం 2014లో కృష్ణ హద్దుగా చీలి, ఇటు 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్, అటు 3,727 చదరపు కిలోమీటర్ల నాగార్జునసాగర్ శ్రీశైలం అయింది. పులికి ఏటి నడిమధ్య గీత కనపడదు. డేటాబేసుకు కనపడి తీరాలి. దీనికి విరుగుడు పాతదే. ప్రతి చెక్కకూ జీవితాంతం మారని ఒక నంబరు ఇవ్వాలి. జిల్లా, మండలం, రేంజి, బీటు అన్నవి ఆ నంబరుకు తగిలించిన చీటీలు కావాలి, చీటీ మీద తేదీ ఉండాలి. పాత చీటీ చింపేయకూడదు, కొత్తది పక్కన అంటించాలి. పల్లెల్లో పశువుకు వేసే చెవి పోగు లాంటిదే ఇది. యజమాని మారినా పోగు మారదు.

ప్లాంటేషన్ల విషయంలో ఈ నంబరు లేకపోవడం వల్ల జరిగేది ఊహించుకోవచ్చు. ఒక పథకంలో నాటిన చెక్క, మొక్కలు చచ్చాక, మరో పథకంలో మరో పేరుతో మళ్ళీ లెక్కలోకి వస్తుంది. రెండు పాలిగాన్లూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయా అని చూడటం కంప్యూటరుకు అరనిమిషం పని. 2016 పరిహార వనీకరణ నిధి చట్టం తర్వాత, అనుమతుల కోసం పరివేశ్ పోర్టల్లో కేఎంఎల్ ఫైలు ఎక్కించడం తప్పనిసరయ్యాక, ఈ పరీక్ష చేయడానికి కావలసిన సరుకంతా ఉంది. కేఎంఎల్ మాత్రం నాకు అంత ఇష్టమైన రూపం కాదు. గూగుల్ ఎర్త్‌లో తెరిచి చూపించడానికి బాగుంటుంది, రికార్డుగా దాచుకోవడానికి చాలదు. పెళ్ళి ఫొటోకూ పెళ్ళి రిజిస్ట్రేషనుకూ ఉన్న తేడా.

జాతకం అన్నానే, అందులో ఏముండాలి? నిపుణులు మెటాడేటా అని పెద్ద ఫారాలు తయారు చేశారు, ఎవరూ నింపరు. బీటు ఆఫీసరు నింపగలిగినవి ఏడు గడులు చాలు. మూలం ఏది, ఆ మూలం తేదీ, కొలిచిన పద్ధతి, తప్పు ఎన్ని మీటర్లు ఉండొచ్చు, ప్రక్షేపం, ఎవరు చేశారు, చట్టపరంగా దాని హోదా. ఈ చివరిదే అన్నిటికన్నా ముఖ్యం, అదే ఎప్పుడూ ఖాళీ. ఇవి పొర మొత్తానికి ఒకసారి కాదు, హద్దులో ప్రతి ముక్కకూ ఉండాలి. ఒకే బ్లాకు చుట్టూ ఉన్న గీతలో నాలుగు కిలోమీటర్లు వాగు వెంట ఉపగ్రహ చిత్రం చూసి గీసింది, రెండు కిలోమీటర్లు జాయింట్ సర్వేలో యంత్రంతో కొలిచింది, మిగిలింది టోపోషీటు నుంచి ఎత్తి రాసింది కావచ్చు. మూడింటినీ ఒకే నల్లరంగుతో చూపించే పటం అబద్ధం చెప్పకుండానే మోసం చేస్తుంది.

చేతిలోకి ఫోను వచ్చాక డేటా వరదైంది. పులుల అభయారణ్యాల్లో గార్డుల గస్తీని నమోదు చేసే ఎం-స్ట్రైప్స్ 2010 నుంచి ఉంది. అగ్ని హెచ్చరికలు ఉపగ్రహాల్లోని మోడిస్ పరికరం నుంచి, తర్వాత వీర్స్ నుంచి నేరుగా ఫోనుకే వస్తున్నాయి. ఎండాకాలం నల్లమలలో పనిచేసేవాళ్ళకు ఇవి ఎంత మేలో చెప్పనక్కర్లేదు. కానీ హెచ్చరికలో వచ్చే బిందువు నిప్పు ఉన్న చోటు కాదు. 375 మీటర్ల చదరానికి నడిమి చుక్క అది. దాదాపు 35 ఎకరాల్లో ఎక్కడైనా మంట ఉండొచ్చు. పాత మోడిస్ చుక్కయితే 250 ఎకరాలు. ఈ సంగతి చెప్పకుండా పంపిస్తే, చుక్క దగ్గరికి పోయి నిప్పు లేదని తిరిగి వచ్చిన గార్డు రెండోసారి పోడు, మూడోసారి ఫోను తీయడు.

చెంచులు ఇదంతా చూసి నవ్వుకుంటారేమో. వాళ్ళ గూడేలను పెంటలంటారు. పెంటకూ పెంటకూ మధ్య ప్రతి బండకూ, చెలమకూ, తేనెపట్టు ఉండే ప్రతి చరియకూ వాళ్ళకు పేరుంది. టోపోషీటులో వాటిలో పదోవంతు లేవు. సామూహిక అటవీ హక్కులకు పటం గీయాలన్నప్పుడు ఆ పేర్లే హద్దులు చెప్పాలి. వాళ్ళతో నడిచి, తెలుగు లిపిలో ఆ పేర్లు ఎక్కించుకోవడం ఏ ఉపగ్రహమూ చేయలేని పని. అన్నీ బయట పెట్టాలని కూడా నేను అనను. తేనె చరియ, పులి పిల్లలు పెట్టిన గుహ, శేషాచలంలో ముదురు ఎర్రచందనం చెట్లు ఉన్న చోట్లు తాళం వేసి ఉంచవలసినవే. అడవి హద్దు మాత్రం అలాంటిది కాదు. 2005 జాతీయ పటాల విధానం, 2021 ఫిబ్రవరి 15 మార్గదర్శకాలు, 2022 భౌగోళిక విధానం ఒక్కో మెట్టూ తలుపు తెరుస్తూ వచ్చాయి. అయినా తన పొలానికీ రిజర్వు అడవికీ మధ్య గీత ఎక్కడో చూసుకోవాలంటే రైతు ఈనాటికీ ఆఫీసు చుట్టూ తిరగాలి.

ఒక జిల్లా కేంద్రంలో, పేరెందుకులెండి, ఒక ప్రాజెక్టు పటాల గది చూశాను. ఏసీ ఉంది, పెద్ద ప్లాటరు ఉంది, గోడకు నిగనిగలాడే పటం ఉంది. కంప్యూటర్లో ‘బౌండరీ ఫైనల్’, ‘బౌండరీ ఫైనల్ కొత్తది’, ‘బౌండరీ వాడవద్దు’ అని మూడు ఫైళ్ళున్నాయి. మూడూ తెరిస్తే మూడు విస్తీర్ణాలు. గోడ మీది పటం ‘వాడవద్దు’ అన్నదాని నుంచి అచ్చయిందని కాసేపటికి తేలింది. ఏది ఎప్పటిదని అడిగితే, అవి చేసింది కాంట్రాక్టు ఆపరేటరనీ, మార్చితో అతని గడువు అయిపోయిందనీ చెప్పారు. మంజూరైన పోస్టుల్లో ఆ పనికి మనిషి లేడు. హార్డ్‌డిస్కు మీద తేదీ లేదు. స్విచ్‌బోర్డు పక్కన గోడ మీద ఆ కుర్రాడి ఫోను నంబరు మాత్రం పెన్సిల్‌తో రాసి ఉంది, చివరి రెండంకెలు సున్నం రాలి పోయాయి.